కొలువులో సమాధి బొమ్మలు

నాచారంలో మేం అద్దెకుండే ఇంటి ముందుగది పొడుగూ తక్కువే, వెడల్పూ తక్కువే. దసరా వచ్చిందంటే ఆ గదిలో నాకు కుర్చీ వేసుకునే చోటు కూడా మిగిలేది కాదు. ట్రంకు పెట్టెలు, వంటింటి పీటలు, నా పాత పుస్తకాల అట్టపెట్టెలు మెట్లు మెట్లుగా పేర్చి, వాటిమీద నా తెల్ల పంచె పరిచి, మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టేది. పంచె ప్రతిసారీ నాదే ఎందుకని అడిగితే, "నా చీరలైతే పాడవుతాయి" అనేది. ఆ జవాబుకి తిరుగులేదు.

మాది కృష్ణా జిల్లా. మా ఇళ్లల్లో కొలువు సంక్రాంతికి పెడతారు. ఆవిడ పుట్టింట్లో మాత్రం దసరాకే. ఇదేం ఆచారమని పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారాను. ఆ తర్వాత ఎప్పుడూ జారలేదు.

మాకు పిల్లల్లేరు. చుట్టాలున్నారు కానీ, కూకట్‌పల్లి నుంచి నాచారం రావడం కంటే విజయవాడ వెళ్లిరావడం తేలికనుకునే రకం. ఏడాది పొడుగునా మా తలుపు తట్టేది గ్యాస్ బండ తెచ్చే మనిషీ, కేబుల్ కనెక్షన్ మనిషీ. దసరా సాయంత్రాలు మాత్రం వీధిలో ఆడవాళ్లంతా మా మెట్లెక్కేవారు. గాజుల చప్పుడు, అత్తగార్ల మీద చాడీలు, ఎవరో ఒకరు పాట ఎత్తుకుని సగంలో మరిచిపోతే నవ్వులు. నేను వంటింట్లో నక్కి కూర్చుని విసుక్కునేవాణ్ణి. విసుక్కుంటూనే చెవులు అటు వేసేవాణ్ణి. మా ఇంట్లో అన్ని గొంతులు ఒక్కసారిగా వినపడటం నాకు ఇష్టమని ఆవిడకు ఎప్పుడో తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది.

నా ఉద్యోగం నాచారం పారిశ్రామికవాడలో. కరెంటు స్తంభాల మీద గోధుమరంగు పింగాణీ గిన్నెలు బోర్లించినట్టు కనపడతాయే, అవి చేసే ఫ్యాక్టరీ. బట్టీ దిగిన సరుకును చిన్న చెక్కసుత్తితో తట్టి చెవి పెట్టి వినడం నా పని. ఖంగుమంటే మంచిది. శబ్దం చప్పగా వస్తే లోపల ఎక్కడో పగులుందని లెక్క, పక్కన పడేయాలి. ఏళ్ల తరబడి అదే పని చేస్తే ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకోదు. గ్లాసు, కుండ, పూలకుండీ, ఏది కనపడినా తట్టి చూడాలి. "నన్ను మీకు కట్టబెట్టేముందు మా నాన్న మిమ్మల్నొకసారి తట్టి చూడాల్సింది" అనేది మా ఆవిడ.

కొలువుకి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ చేరాలి. ప్లాస్టర్ బొమ్మలు ఆవిడకు పనికిరావు, మట్టివే కావాలి. ఆ వెతుకులాటలో ఉప్పల్ చౌరస్తా దాటాక ఒక పాత సామాన్ల దుకాణంలో ఆవిడకు కుక్క దొరికింది.

ఎర్రమట్టి కుక్క. పొట్టి కాళ్లు, బూరెలాగా ఉబ్బిన పొట్ట, నిక్కపొడుచుకున్న చెవులు. ఒళ్లంతా నునుపు, అక్కడక్కడా సిరా చిలికినట్టు నల్లటి మచ్చలు. తోక ఉండాల్సిన చోట చెంబు మూతిలాంటిది ఉంది. దుకాణం అతను ఆ మూతినే పట్టుకుని పైకెత్తి చూపించాడు.

"తార్నాక దిక్కు ఒక ఫారిన్ సైంటిస్టు ఇల్లు ఖాళీ జేసి పోయిండమ్మా. మక్కజొన్నల మీద రీసెర్చ్ జేస్తుండె. ఆయన సామాన్లల్ల ఒచ్చింది. మస్తుంటది, పూలు వెట్టుకో."

"దసరా కొలువులో కుక్కేంటి?" అన్నాను నేను.

"భైరవుడి వాహనం. ఇంకేమైనా అడుగుతారా?" అంది.

ప్రతి కొలువులోనూ శెట్టి, శెట్టెమ్మ ఉంటారు. బొజ్జలేసుకుని కూర్చుని, ముందు నిజం బియ్యం, నిజం పప్పులు పోసుకుని కొట్టు నడుపుతుంటారు. కుక్కను వాళ్ల పక్కన కాపలా పెట్టింది. అది అక్కడే పుట్టినట్టు ఒదిగిపోయింది. వచ్చిన పేరంటాళ్లు రాముణ్ణి, కృష్ణుణ్ణి వదిలేసి కుక్కనే చూశారు. ఇంతకంటే ఏం కావాలి మా ఆవిడకు! మరుసటేడు దసరా ముందు మళ్లీ అదే దుకాణానికి వెళ్లింది. డోలు వాయించేవాడొకడు దొరికాడు. ఆ పై ఏడు, గిన్నె ఎత్తి పట్టుకున్న ఆడమనిషి. ఆ సైంటిస్టు పెట్టె మొత్తం దుకాణంలోనే ఉందని, అతను ఏడాదికొకటి చొప్పున బయటికి తీస్తున్నాడని నాకు అర్థమైంది. ఆవిడకు చెప్పాను. "తియ్యనివ్వండి. ఒకేసారి తీస్తే పై ఏడు నేనేం కొనాలి?" అంది.

చివరిగా వచ్చింది జంట బొమ్మ. మొగుడూ పెళ్లాం భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. అతని చెయ్యి ఆమె భుజం మీదుగా వెళ్లి అక్కడే కలిసిపోయింది. ఇద్దరూ ఒకే ముద్ద, విడదీయడానికి లేదు. పొడుగాటి ముఖాలు, సగం మూసిన కళ్లు. ఆమె ముక్కుకి వరసగా రింగులు చూసి మా ఆవిడ సంబరపడిపోయింది.

"నత్తు చూడండి! ఎక్కడివాళ్లో గానీ మనవాళ్లే!"

ఎక్కడివాళ్లో తెలుసుకోవాలని అప్పుడే నాకు బుద్ధి పుట్టింది. ఉప్పల్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, పక్క కుర్చీల్లో పరీక్ష ఫలితాలు చూసుకుంటున్న పిల్లల మధ్య, ఎర్రమట్టి కుక్క కోసం వెతికాను. దొరికింది. అదే పొట్ట, అవే చెవులు. మెక్సికో దేశం, పడమటి వైపు. కొలంబస్ ఆ ఖండం మీద కాలు పెట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందు అక్కడి జనం బావిలాగా లోతుగా గొయ్యి తవ్వి, దాని అడుగున పక్కకి గదిలాగా తొలిచి, చనిపోయినవాళ్లను అందులో పడుకోబెట్టేవారట. చుట్టూ ఈ బొమ్మలు పెట్టేవారట. కుక్క దారి చూపడానికని కొందరంటారు. డోలువాడు, గిన్నె మనిషి, జంట, వీళ్లంతా ఎందుకో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఆ జనం ఏమీ రాసిపెట్టుకోలేదు. తర్వాతి కాలంలో దొంగలు ఆ గోతులు తవ్వారు. పెద్ద పెద్ద దేశాల్లో పెద్ద పెద్ద వాళ్లు ఆ బొమ్మల్ని అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు. గిరాకీ పెరిగేసరికి నకిలీలూ పుట్టాయి. నల్లమచ్చలతో సహా చేసేస్తారట.

ఇంటికొచ్చి బొమ్మల్ని తట్టి చూశాను. నా చెవికి పింగాణీ భాష తెలుసు గానీ ఈ మట్టి భాష తెలియదు. అసలువో నకిలీవో చెప్పలేకపోయాను. ఈ రోజుకీ చెప్పలేను.

మా ఆవిడ పప్పు రుబ్బుతూ అంతా వింది. "అసలువైతే దొంగసొత్తు ఇంట్లో పెట్టుకున్నట్టు. నకిలీవైతే మోసపోయినట్టు. ఏది కావాలి మీకు?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. కాసేపటికి గ్రైండర్ ఆపేసి, నవ్వకుండా అడిగింది. "అయితే అక్కడ, ఆ గోతిలో మనిషికి ఇప్పుడెవరున్నారు?"

జవాబు కోసం ఆగకుండా మళ్లీ గ్రైండర్ వేసింది. కానీ ఆ ఏటి నుంచి కొలువు గుగ్గిళ్లు దేవుడికి చూపించగానే, ఒక చిన్న గిన్నెలో నాలుగు శనగలు వేసి జంట బొమ్మ ముందు పెట్టేది. "అక్కడివాళ్లకి" అనేది. నాతో ఒక ఒట్టు కూడా పెట్టించుకుంది.

"పేరంటాళ్లకి మాత్రం చెప్పకండి. సమాధిలోవని తెలిస్తే ఒక్కరు మన గడప తొక్కరు."

చెప్పలేదు. "ఎక్కడి బొమ్మలండీ?" అని ఎవరైనా అడిగితే ఆవిడ "ఫారిన్‌వండీ" అనేది. అంటూ వంటింటి వైపు ఒక్క చూపు చూసేది. ఆ చూపు కోసం నేను తలుపు సందులో నిలబడేవాణ్ణి. ముసలితనంలో పడుతున్న మొగుడూ పెళ్లాలకు అంతకంటే మంచి సరసం ఏముంటుంది?

కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. జనగామ వైపు మనిషి. మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. మేం ఆ ఇంట్లో దిగకముందే ఆమె భర్త పోయాడు. మా ఆవిడ ఏటా ఆమెనూ పిలిచేది. ఆమె ఏటా ఒకే మాట అనేది. "నేనెందుకు బిడ్డా? ముత్తయిదువలు ఒచ్చే జాగ. మీరు జేసుకోండ్రి." గుగ్గిళ్లు మాత్రం మెట్ల దగ్గర నిలబడి తీసుకునేది. మా ఆవిడ బలవంతం చేసేది కాదు. అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర "ఏం ఆచారాలండీ మనవి" అని ఒక మాట అని ఊరుకునేది.

తర్వాత ఆవిడకు జబ్బు చేసింది. ఆ సంగతులు రాయబుద్ధి కావడం లేదు. ఆస్పత్రులన్నీ ఒకే వాసన వేస్తాయి. చలికాలంలో వెళ్లిపోయింది. మట్టి బొమ్మకి నిప్పంటే భయం లేదు. చితిలో పెట్టినా ఇంకాస్త గట్టిపడుతుందే గాని కాలిపోదు. ఆ శ్మశానంలో నాకంటే ఆ సంగతి బాగా తెలిసినవాడు ఎవడూ లేడు. అయినా ఆవిడతో ఏమీ పంపలేదు. మనకా వాడుక లేదు కదా, ఆ ఊహే రాలేదు.

ఏడాది పాటు కొలువు పెట్టకూడదు. పెట్టలేదు. ఆ ఏడాది నేను ఇంట్లో ఎంత తక్కువ మాట్లాడానంటే, ఫ్యాక్టరీకి వెళ్లి మొదటి మాట అనేసరికి గొంతు గరగరలాడేది. మనుషులు మంచివాళ్లే. వీధిలో కనపడితే "ఎలా ఉన్నారన్నయ్యగారూ" అనేవారు. నేను "బాగానే ఉన్నాను" అనేవాణ్ణి. అక్కడితో సరి. ఇంట్లోకి రావడానికి ఎవరికీ పనిలేదు. నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చేది. ఉన్న చుట్టరికాలన్నీ తన కొంగున ముడేసుకుని పట్టుకుపోయిందని.

మరుసటేడు దసరా ముందు మొండికెత్తాను. నేనే కొలువు పెడతాను. అందరూ వస్తారు. ఎందుకు రారు?

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బళ్లు తెరవలేదు. కొత్త బొమ్మ కోసం ఉప్పల్ దాకా నడిచి వెళ్తే దుకాణం షట్టరు దించి ఉంది. ఉన్న బొమ్మలే దించాను. పంచె పరిచాను. శెట్టి ముందు బియ్యం పోశాను, పక్కన కుక్కను పెట్టాను. జంటను ఆవిడ పెట్టే మెట్టు మీదే, ఆవిడ పెట్టే చోటే పెట్టాను. చిన్న బల్బుల దండ కూడా వేశాను. ఆవిడ వేసేది కాదు. బాగుంటుందని నేనే వేశాను.

పేరంటానికి ఎలా పిలవాలో నేను చూడనిది కాదు. కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి, "సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రండి" అనాలి. నేనూ తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఆవిడ వెండి భరిణె పట్టుకుని బయలుదేరాను.

ఎదురింటావిడది గుడివాడ. ఏటా అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్లేది. తలుపు తీసి నన్ను చూసింది, నా చేతిలో భరిణె చూసింది. నేను మూత తీసి ముందుకు చాపాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. కావాలని వేసింది కాదు, కాలు దానంతటదే వెళ్లింది. ఇద్దరం అలాగే నిలబడ్డాం. పెళ్లాం పోయిన మగవాడు బొట్టు పెట్టి పిలవడమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. నాకూ అప్పుడే అర్థమైంది. లోపల్నుంచి భర్త వచ్చి, "రండి రండి, కాఫీ తాగుదురుగాని" అని నా భుజం పట్టుకున్నాడు. కాఫీ తాగాను. "తప్పకుండా వస్తాం అన్నయ్యగారూ" అంది ఆవిడ. ఆ తర్వాత ఇళ్లల్లో భరిణె జేబులోనే ఉంచుకుని నోటితో పిలిచాను. అందరూ వస్తామన్నారు. ఎవరూ రామనలేదు.

ఎవరూ రాలేదు.

మొదటి సాయంత్రం సమ్మె వల్ల అనుకున్నాను. ఎదురింటి నుంచి మా ఇంటికి బస్సెక్కి రావాలా? రెండో సాయంత్రం, నేను ఆంధ్రావాణ్ణి కదా, రోజులు బాగోలేవు కదా అనుకున్నాను. గుడివాడ ఎక్కడుందో నాకు తెలియనట్టు! మూడో సాయంత్రానికి అనుకోవడం మానేశాను. కానీ రోజూ శనగలు నానబెట్టడం మానలేదు. ఉడకబెట్టి, పోపు వేసి, తలుపు బార్లా తీసి, బల్బులు వెలిగించి కూర్చునేవాణ్ణి. కింద సందులో బతుకమ్మ పాటలు వినపడేవి. పైన ఫ్రిజ్ చప్పుడు. ఎనిమిది దాటాక తలుపేసి గుగ్గిళ్లు నేనే తినేవాణ్ణి. అన్ని రోజులు అన్ని శనగలు ఒక్కడే తింటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అది తలుచుకుని ఒకరోజు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎవరికీ చెప్పుకోలేక ఏడుపొచ్చింది.

విజయదశమి సాయంత్రం వచ్చింది. కొలువు ముగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఏదో ఒక బొమ్మను పడుకోబెట్టాలి. ఒక్కటి పడుకుంటే చాలు, కొలువు అయిపోయినట్టే. మర్నాడు అన్నిటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దేయొచ్చు. ఆవిడ ఎప్పుడూ శెట్టెమ్మను పడుకోబెట్టేది, రోజంతా కొట్టు చూసుకుని అలిసిపోయి ఉంటుందని. నా చెయ్యి మాత్రం జంట బొమ్మ మీదికి పోయింది. వాళ్లను పైకి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మెట్ల మీద ఆగి ఆగి అడుగులు వినపడ్డాయి. పెద్దమ్మ. చేతిలో జమ్మి ఆకు. దసరా నాడు జమ్మి ఆకును బంగారం అని చేతిలో పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఏటా కింద మెట్ల దగ్గరే ఇచ్చేది, మేమే దిగి వెళ్లేవాళ్లం. ఆ ఏడు నేను దిగలేదు. మోకాళ్ల నొప్పితో ఆమే ఎక్కి వచ్చింది. గడప బయట నిలబడి, మెట్లు మెట్లుగా వెలుగుతున్న కొలువును చూసింది.

"ఎవ్వలు రాలేదా సారూ?"

"లేదు పెద్దమ్మా."

"గన్ని దినాలల్ల ఒక్కలు గుడ?"

తల అడ్డంగా ఊపాను. ఆమె గడపను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నేను రావొచ్చునా మరి?"

"ఇంకెవరున్నారు పెద్దమ్మా? రండి" అన్నాను.

లోపలికొచ్చి, జమ్మి నా చేతిలో పెట్టి, నేల మీద చతికిలబడింది. బొమ్మల్ని ఒక్కొక్కటే చూసింది. ఇన్నేళ్లుగా తన ఇంటి పైకప్పు మీద నడిచిన పండగ ఇదా అన్నట్టు చూసింది. గుగ్గిళ్లు ఇచ్చాను. "గుడాలల్ల ఉప్పు లేదు" అని అన్నీ తినేసింది. కుక్కను చూసి ముచ్చటపడి, ఎక్కడిదని అడిగింది. ఫారిన్‌దని చెప్పడానికి నోరు రాలేదు. ఒట్టు పెట్టించుకున్న మనిషి లేదు. ఇక ఈ గడప తొక్కకుండా పోయేవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు. ఉన్నదంతా చెప్పాను. బావిలాంటి గొయ్యి, అడుగున గది, చుట్టూ బొమ్మలు.

లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆమె కదల్లేదు.

"గోరీల వెట్టినయా? ఒక్కరే పండుకుంటే ఎట్లనని వెట్టిన్రా?"

"అలాగే ఉంటుంది పెద్దమ్మా. తెలియదు."

"నేను గుడ వెట్టిన. మా ఆయనను బొందవెట్టేటప్పుడు ఎవ్వలు సూడకుంట అంగి జేబుల బీడీలకట్ట వెట్టిన. అగ్గిపెట్టె మర్సిన సారూ. ఇప్పటికీ గదే యాదికొస్తది." నా వైపు తిరిగి, "అమ్మకు నువ్వేం వెట్టినవ్?" అంది.

"ఏమీ పెట్టలేదు."

ఆమె ఓదార్చలేదు. అవునా అన్నట్టు తల ఊపింది. అప్పుడు చూసింది నా ఒళ్లో ఉన్న జంటను. నేను వాళ్లను పంచె మీద వెల్లకిలా పడుకోబెట్టబోతున్నాను. ఎందుకని అడిగింది. కొలువు పద్ధతి చెప్పాను. ఒక్క బొమ్మ పడుకుంటే కొలువు అయిపోయినట్టని.

"ఆళ్లనెందుకు పండవెడ్తవ్ సారూ?" అంది. "ఎన్నేండ్లు పండుకున్నరో ఏమో ఆ బొందల. జర కూసోనియ్యి."

నా చేతులు ఆగిపోయాయి. జంటను వాళ్ల మెట్టు మీద మళ్లీ కూర్చోబెట్టాను. శెట్టెమ్మ దగ్గరికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. ఆమెనూ పడుకోబెట్టలేదు. ఎవర్నీ పడుకోబెట్టలేదు.

కింద సందులో పిల్లలు ఇంటింటికీ తిరిగి జమ్మి పంచుతున్న చప్పుడు. పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. గడప దాటింది. మెట్ల కమ్మీ పట్టుకుంది. ఆ మెట్లు దిగిపోతే మళ్లీ ఈ గదిలో మాట ఎప్పుడు వినపడుతుందో నాకు తెలియదు. వెనకాలే వెళ్లాను.

"రేపు వస్తారా పెద్దమ్మా?"

"రేపేమున్నది సారూ? కొలువు ఒడిసె గద."

"ఒక్క బొమ్మ కూడా పడుకోలేదు పెద్దమ్మా," అన్నాను. "ఇంకా అవ్వలేదు."

ఆమె నా భుజం మీదుగా లోపలికి, కూర్చున్న జంట వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అయితే శెనిగెలు నానవెయ్యి" అని మెట్లు దిగింది.